బిస్కెట్ డబ్బా తపాలా

పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పిల్లల పుస్తకాలు వేసే చిన్న సంస్థలో పనిచేస్తుందట, గొంతు మర్యాదగానే ఉంది. నా దగ్గర ఉత్తరాల రూపంలో ఉన్న పిల్లల కథ ఒకటి ఉందని ఎవరో చెప్పగా విని, కాగితాలకు ఫొటోలు తీసి పంపమని అంతకు ముందే అడిగితే, మనవడి చేత పంపించాను. అన్నీ చదివిందట. చాలా బాగుంది గాని రెండు మార్పులు చేయాలంది. ఇప్పటి పిల్లలు ఉత్తరం ముఖం చూసి ఎరుగరు కనుక వీటిని ఫోన్లో పంపుకునే మెసేజీలుగా మార్చాలట, అది మొదటిది. రెండోది, కథ మధ్యలో ఆగిపోయినట్టుంది కనుక చివర గని మూతపడినట్టు నేనొక ఉత్తరం రాసివ్వాలట. అసలు కథ అదే కదా మేడం, అంది. ఆలోచించి చెబుతానన్నాను.

ఆలోచించే ఓపిక ఉంటేగా. మోకాళ్ళు మాట వినడం మానేసి చాలాకాలమైంది, కళ్ళకు అద్దాలు మార్చినా అక్షరాలు అల్లుకుపోతూనే ఉన్నాయి. పోనీలే, నీకు తోచినట్టు చేసుకో తల్లీ అని చెప్పేసి పడుకుంటే ఒక పని వదిలేది. కానీ పడుకున్నాక నిద్ర రాలేదు. ఫొటోలు తీశాక మళ్ళీ అటకెక్కించిన డబ్బాను మర్నాడు మనవడిని బతిమాలి దింపించుకున్నాను. పెద్ద బిస్కెట్ డబ్బా, ఒకప్పుడు ఎర్ర రంగు వేసింది, మూతకు మధ్యలో ఉత్తరం పట్టేంత చీలిక. రంగు సగం పోయి తుప్పు మిగిలింది గాని చీలిక చీలికలాగే ఉంది.

మా పుట్టిల్లు ముళబాగిలు. మెట్టినిల్లు కోలారు బంగారు గనుల ఊరైన ఈ రాబర్ట్‌సన్‌పేట బజారులోని ధాన్యం అంగడి. పెళ్ళికి ముందు చిత్తూరు బస్సెక్కి వెళ్ళి తెలుగు చదువుకుని వచ్చిన పుణ్యానికి, పెళ్ళయ్యాక ఇక్కడొక బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం దొరికింది. మా కోలారు జిల్లా వాళ్ళ సంగతి నా వయసు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో తిట్టుకునేది తెలుగులో, బడిలో చదివేది కన్నడంలో, గనుల దగ్గరకొస్తే వీధంతా తమిళం. మా వారు కడుపునిండా తెలుగు మాట్లాడి, అంగడి బోర్డు మీద తన పేరును తెలుగులో రాస్తే మాత్రం పోల్చుకోలేకపోయేవారు. నేను దెప్పితే, చదవను రాయను నువ్వున్నావు కదా, ఇంటికి ఒకరు చాలులే అని నవ్వేవారు. మా బడి పిల్లలూ అంతే, నోటినిండా తెలుగే గాని అక్షరం దగ్గరికి వచ్చేసరికి బిక్కమొహం వేసేవారు. పైగా నాకిచ్చింది చివరి పీరియడు, అప్పటికి పిల్లల ప్రాణం బడి గేటు దగ్గర ఉంటుంది. పాఠ్యపుస్తకాలు అర్ధసంవత్సరం పరీక్షలు అయ్యాక వచ్చేవి, అవీ అందరికీ సరిపోయేవి కావు.

అలాంటి ఒక ఏడాది, గనులు మూతపడటానికి రెండు మూడేళ్ళ ముందు, విసుగెత్తి నల్లబల్ల మీద ఒక ఉత్తరం రాశాను. గని కూలీల ఇళ్ళ వరసల్లో, అదే మేమనే లైన్లలో, ఉండే పద్మ అనే పిల్ల, కామసముద్రం పల్లెలో ఉండే తన మేనమామ కూతురు గౌరికి రాసినట్టు, నాలుగే నాలుగు వాక్యాలు. దీనికి గౌరి ఏమని జవాబు రాస్తుందో మీరే రాయండి అన్నాను. సెలవులకు అవ్వగారి పల్లెలకు పోయి రాగి చేలల్లో, పట్టుపురుగుల ఇళ్ళలో తిరిగి వచ్చే పిల్లలందరూ ఒక వైపు చేరి గౌరి బెంచీ అయ్యారు. పుట్టినప్పటి నుంచీ లైన్లు తప్ప ఇంకేమీ చూడని పిల్లలు పద్మ బెంచీ అయ్యారు. నేనిక అందులో వేలు పెట్టలేదు. అంగడిలో మిగిలిన డబ్బా ఒకటి తెచ్చి, మూత చీల్పించి, రంగు వేయించి, దాన్ని మా తపాలా పెట్టె చేశాను.

ఒక శనివారం ఒక బెంచీ రాయాలి, మరుసటి శనివారం రెండో బెంచీ జవాబివ్వాలి. ఒకరికి తెలియకుండా ఒకరు తొందరపడి చూడకూడదు, వారమంతా ఆగాల్సిందే. ఇంకొక్క కట్టుబాటు పెట్టాను. డబ్బాలో వేసిన ఉత్తరంలో ఏముంటే అది కథలో జరిగిపోయినట్టే, తర్వాత ఎవరూ దాన్ని చెరపకూడదు, కాదనకూడదు. పిల్లలు దీన్ని మంత్రంలా పట్టుకున్నారు. గౌరి బెంచీలో ఒక పోకిరి పిల్లవాడు, పద్మ వాళ్ళ మేకను చిరుత ఎత్తుకుపోయిందట కదా అని ఊరికే రాసి పడేస్తే, అసలు లేని మేకకు పద్మ బెంచీ వాళ్ళు రెండు ఉత్తరాలు ఏడ్చారు. ఇంకోసారి ఉత్తరంలో బెల్లం ముక్క పెట్టి పంపి డబ్బాను చీమల పాలు చేశారు. ఆ ఉత్తరాల్లో తెలుగు మా ఇళ్ళల్లో మాట్లాడే తెలుగే. ఇదేం భాషమ్మా అని హెడ్మాస్టరు గారు ముఖం చిట్లించేవారు, ముందు రాయనివ్వండి సార్ అనేదాన్ని.

పద్మ బెంచీలో చివర కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. నలుగురిలో గట్టిగా మాట్లాడేది కాదు గాని, కాగితం ముందు పెడితే ఆగేది కాదు. వాళ్ళ నాన్న భూమి అడుగున, తవ్విన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసేవాడు. గౌరి బెంచీ వాళ్ళు ఒకసారి అలిగి జవాబు రాయకపోతే, ఆ వారం ఈ పిల్ల పద్మ డైరీ రాసుకొచ్చింది. జాబు రాని రోజున పద్మ ఏం చేస్తుంది టీచరమ్మా, డైరీ రాసుకుంటుంది, అని నాకే చెప్పింది. అప్పటినుంచి జవాబు రాని వారాల్లో డైరీ, వచ్చిన వారాల్లో ఉత్తరం. ఇప్పుడు తీసి చదివితే డైరీలే ఎక్కువ బాగున్నాయి.

ఆ పిల్ల ఏం రాసినా చివరికి ఒక్కలాగే ముగించేది. గని సైరన్‌ను మా ఊళ్ళో సంగు అంటారు. షిఫ్టు మారినప్పుడల్లా ఊదేవారు. ఊరికంతా అదే గడియారం. సంగు వింటే ఎసరు పెట్టేవాళ్ళం, సంగు వింటే పిల్లల్ని లేపేవాళ్ళం, మా వారు సంగు వినపడితే గాని అంగడి నుంచి భోజనానికి లేచేవారు కాదు. లైన్లలో ఆడవాళ్ళకు మాత్రం దానికి వేరే అర్థం ఉండేది. లోపలెక్కడో రాయి పగిలి ఇళ్ళల్లో గిన్నెలు కదిలినప్పుడల్లా, మళ్ళీ సంగు ఊది, దిగినవాళ్ళు పైకొచ్చి, తన ఇంటి మనిషి సందు మొదట్లో కనబడేదాకా వాళ్ళ గుండె గుండె కాదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల గనుక, పద్మ ఉత్తరాలన్నీ ఇలా ముగిసేవి: "సంగు ఊదినారు. నాయన వచ్చే పొద్దాయె. అమ్మ వాకిట్లో నీళ్ళు పెట్టినాది. ఇంగ నిలిపేస్తా గౌరీ."

తర్వాత గనులు మూతపడ్డాయి. మూసేస్తారట, మూసేస్తారట అని ఏళ్ళ తరబడి విని విని, ఎవరూ నమ్మడం మానేశాక నిజంగా మూసేశారు. సంగు ఆగిపోయింది. మొదటి రోజుల్లో మా ఇంట్లో అన్నం ఒకనాడు ముద్దయింది, ఒకనాడు మాడింది. లైన్లలో మగవాళ్ళు పగటిపూట వాకిళ్ళలో కూర్చుని కనబడటం ఎప్పుడూ చూడని మాకు, ఆ వీధిలో నడవాలంటే తల ఎత్తబుద్ధయ్యేది కాదు. తరగతిలో బెంచీలు పలచబడ్డాయి. ఇవాళ ఒక పిల్ల, రేపు ఒక పిల్లవాడు, బెంగళూరుకో, అవ్వగారి ఊరికో. అయినా శనివారం వచ్చేసరికి మిగిలిన పిల్లలు డబ్బా చుట్టూ చేరేవారు. వాళ్ళ ఉత్తరాల్లో మాత్రం సంగు ఎప్పటిలాగే ఊదుతూనే ఉంది.

నాకది బాధనిపించింది. ఇంట్లో జరుగుతున్నదొకటి, కాగితం మీద రాస్తున్నదొకటి, మనసులో ఉన్నది రాసుకుంటే పిల్లల గుండె బరువు తగ్గుతుందని టీచరు బుద్ధితో అనుకున్నాను. వచ్చే శనివారం ఉత్తరంలో గని మూసేసిన సంగతి పద్మ గౌరికి చెబితే బాగుంటుందర్రా అన్నాను. బడి వదిలాక ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్ళలో నీళ్ళు లేవు, బేరమాడే మనిషిలా నిలబడింది.

"వద్దు టీచరమ్మా. మీరే కదా చెప్పినారు, డబ్బాలో వేసిన మాట ఇంగ చెరపకూడదని. రాసినామంటే పద్మా వాళ్ళ నాయనకు గూడా పని పోతుంది. బయట పని పోయినవాళ్ళు చాలరా?"

నేను నచ్చజెప్పబోయాను. కథ అయినా నిజం రాయాలి కదమ్మా అన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, నిజం అందరికీ తెలిసిందే కదా, రాసేదేముండాది అంది. సోమవారం తరగతినే అడిగాను. కథలో గని మూయాలా వద్దా అని చేతులెత్తమంటే, వారం వారం ఆ పిల్లతో గొడవపడే మేక పోకిరి కూడా, గౌరి బెంచీలో ఉండి కూడా, వద్దనే చెయ్యెత్తాడు. మూయాలని ఒక్క చెయ్యీ లేవలేదు. సరే, మీ ఇష్టం అన్నాను. నాకూ అప్పటికి ఓపిక అయిపోయింది.

ఆ ఏడు చివర్లో పిల్లలు చాలరని తెలుగు తరగతి ఎత్తేశారు. ఆ పిల్ల రాసిన ఆఖరి ఉత్తరం డబ్బాలో పడింది గాని, జవాబు రాయడానికి గౌరి బెంచీలో ఎవరూ మిగల్లేదు. అందులో పెద్ద విశేషమేమీ లేదు. గాలికి గని దిబ్బల మీది దుమ్ము లేచి, అమ్మ ఆరబెట్టిన రాగుల మీద పడిందని, అమ్మ తిట్టుకుంటూ మళ్ళీ చెరిగిందని, పట్టుగూళ్ళు అమ్ముడుపోయినాక మీరొకసారి ఈడికి రండి అని. చివర సంగు, నాయన, వాకిట్లో నీళ్ళు.

ఇన్నేళ్ళలో ఆ పిల్ల పెద్దదై, పెళ్ళి చేసుకుని, మా ఊరి వాళ్ళలో సగం మంది లాగే తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరులో పనికి పోయి, పొద్దుపోయాక తిరిగొచ్చే మనిషైంది. వాళ్ళ నాన్న కూడా గని పోయాక అదే రైల్లో ఎక్కడో కాపలా పనికి పోయేవాడు. పోయిన వానాకాలంలో ఆయన పోయాడని తెలిసి, వెళ్ళి చూసి వచ్చాను. అప్పుడు ఇచ్చిన నంబరు ఉంటే, డబ్బా దింపించిన రోజు సాయంత్రం దాన్ని ముందు పెట్టుకుని ఫోన్ చేశాను. రైల్లోనే ఉంది, చుట్టూ ఒకటే రొద. పుస్తకాల అమ్మాయి సంగతి చెప్పి, చివర గని మూతపడినట్టు రాయమంటున్నారమ్మా, ఆఖరి ఉత్తరం నీది కనుక నిన్ను అడుగుతున్నాను, రాయమంటావా అన్నాను.

రైలు రొద మీదుగా గొంతు పెంచి చెప్పింది.

"టీచరమ్మా, పని పోయినాక మా నాయన ఇంటికి వస్తా ఉంటే ఒక్క దినం గూడా తలెత్తుకుని వచ్చింది లేదు. ఆ జాబులో ఒక్కదాంట్లోనే ఆయన డ్యూటీ దిగి దర్జాగా వస్తా ఉండాడు. ఇప్పుడు మనిషే లేడు. దాంట్లో గూడా మూసేయమంటారా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. వద్దులేమ్మా అని పెట్టేశాను.

మర్నాడు పుస్తకాల అమ్మాయికి చెప్పాను. మెసేజీలుగా మార్చుకుంటే మార్చుకోండి, అది మీ కాలం, మీ పిల్లలు. ఆ ఆఖరి ఉత్తరం తర్వాత మాత్రం ఒక్క అక్షరం చేర్చేది లేదని. సంస్థలో పెద్దవాళ్ళతో మాట్లాడి చెబుతానంది, మళ్ళీ ఫోన్ రాలేదు. రాకపోతే మానె. డబ్బాను తిరిగి అటకెక్కించమని మనవడికి చెప్పాను గాని వాడికి తీరిక దొరకలేదు, అది మంచం పక్కనే ఉంది.

ఇప్పుడు మా ఊరిని లేపేది రైలు వేళ. ఎవరు ఏ బండికి పోతారో, ఏ బండికి వస్తారో పక్కింటి వాళ్ళకు కూడా తెలియదు. అందరిదీ తలొక గడియారం. వారం రోజులు ఒక జవాబు కోసం ఆగగలిగిన పిల్లలు ఇప్పుడెక్కడైనా ఉన్నారో లేదో, నేనైతే చూడలేదు; ఆగే తీరిక పెద్దవాళ్ళకే లేనప్పుడు పిల్లల్ని అని ఏం లాభం. నా వరకు నాకు, సాయంత్రం ఒకప్పుడు సంగు ఊదే ఆ వేళ అయ్యేసరికి, చేస్తున్న పని ఆపి వాకిట్లోకి వచ్చి నిలబడటం అలవాటు. కాసేపు నిలబడ్డాక, ఎందుకు వచ్చానో గుర్తొచ్చి, మళ్ళీ లోపలికి పోతుంటాను.