నేను రాగానే ఆగే మగ్గం

2007లో నేను కడపలో నెట్‌వర్క్ టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ణి. జమ్మలమడుగు దగ్గర ఒక నేత ఊరి చేనేత సంఘానికి సొంత వెబ్ సర్వర్ ఉండేది. సర్వర్ అంటే ఏదో అనుకునేరు! ఓబులేసప్ప అనే నేతగాడి ఇంట్లో, మూలగదిలో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్, అంతే. ఆ ఊరి చీరల ఫొటోలు బయటివాళ్లకు అందులోంచే కనిపించేవి. దాన్ని చూసుకునేది ఆయన కూతురు సరస్వతి.

కంప్లయింట్ ఒకటే. సైట్ పగలంతా వస్తూ పోతూ ఉంటుంది. వస్తున్నానని ఫోన్ చేసి నేను వెళ్తే మాత్రం బుద్ధిగా పనిచేస్తుంది. రెండుసార్లు వెళ్లి, మోడెమ్ కూడా మార్చి, నన్ను నేనే తిట్టుకుంటూ తిరిగొచ్చాను. మూడోసారికి సంఘం పెద్దలు తేల్చేశారు. ఈసారీ బాగుకాకపోతే ఆ కంప్యూటర్‌ను కడపకు తీసుకుపోయి ఇంకెవరికైనా అప్పజెబుతారట.

సరస్వతికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు పడిపోయింది. "మగ్గం తొక్కనీకి నాకు కాలు రాదు సార్. ఈ ఇంట్లో నా పని అని చెప్పుకొనేకి ఇదొక్కటే ఉండాది" అంది, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

సర్వర్ నుంచి బయటికి పింగ్ పెట్టాను. పింగ్ అంటే ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని "ఉన్నావా?" అని పదే పదే అడగడం, అది "ఉన్నా" అని జవాబివ్వడం. ఒక్క జవాబూ తప్పలేదు. ఓబులేసప్ప నా పక్కనే కూర్చుని, బొరుగుల ఉగ్గాణి పెట్టించి, కడపలో ఎండల గురించి అడుగుతూ మధ్యాహ్నం చేశాడు. ఏం చేసేది? పింగ్‌ను అలాగే వదిలేసి బస్సుకు బయల్దేరాను. బస్సు కాస్తా కళ్లముందే వెళ్లిపోయింది. ఉసూరుమంటూ వెనక్కి వచ్చాను.

వాకిట్లోకి రాగానే మగ్గం చప్పుడు. అన్నిసార్లు వచ్చినా ఆ ఇంట్లో ఆ చప్పుడు వినడం అదే మొదలు. మూలగదిలో స్క్రీన్ నిండా జవాబు రాని వరసలు. అంతలో ఓబులేసప్ప నన్ను చూసి, కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం గుంటలోంచి లేచాడు. చప్పుడు ఆగింది, జవాబులు రావడం మొదలైంది.

మళ్లీ నేయమన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. "సుట్టం ఇంట్లో ఉండంగా మగ్గం తొక్కితే ఎట్లప్పా? లేసి పొమ్మన్నట్లుండదా?"

అప్పటిదాకా నన్ను సార్ అని పిలిచిన సరస్వతి మెల్లగా అంది. "అన్న సుట్టం గాదు నాయినా. మనింటి మనిషే. తొక్కు."

ఆయన గుంటలోకి దిగాడు. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో జవాబులు తెగిపోయాయి. తలెత్తి చూస్తే ఏముంది! మోడెమ్ కేబుల్‌ను మగ్గం పైభాగం వేలాడే దూలానికే కట్టారు. కేబుల్ చివర ప్లాస్టిక్ కొసను కనెక్టర్ అంటాం. అందులో ఒక తీగ సరిగా పట్టుకోలేదు. దూలం అదిరినప్పుడల్లా అది వదిలేస్తోంది. కొత్త కనెక్టర్ బిగించి, కేబుల్‌ను ఎదుటి గోడకు మార్చాను.

"ఇన్నాళ్లూ నా బిడ్డను నేనే ఏడిపిస్తాంటినా" అని ఓబులేసప్ప కూతురి తల నిమిరాడు. ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. పొద్దు వాలేదాకా ఆయన నేస్తూనే ఉన్నాడు, జవాబులు వస్తూనే ఉన్నాయి. కంప్యూటర్ ఆ ఇంట్లోనే, ఆమె దగ్గరే ఉండిపోయింది.

అప్పట్నుంచి ఎక్కడికి వెళ్లినా ముందు ఒక మాట చెబుతాను, నేను లేననుకుని మీ పని మీరు చేసుకోండని. మనకోసం ఇల్లంతా ఆగిపోతే తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

చాన్నాళ్లకు అటు పనిపడి ఆ ఇంటికి వెళ్లాను. ఓబులేసప్ప గుంటలోంచి లేవలేదు. "కూసోప్పా, పాప నీళ్లిస్తాది" అంటూ నేస్తూనే ఉన్నాడు. నా ఉద్యోగంలో అంత మర్యాద నాకు మరెవరూ చేయలేదు.