ముప్పైమూడు గుణాల గోల్‌కీపర్

మా అక్కకు ఒక గోల్‌కీపర్‌తో పెళ్లి దాదాపు ఖాయం చేసిన ఘనుణ్ణి నేను. ఆ గోల్‌కీపర్ ఉండేది ఐరోపాలో. తనకు హైదరాబాదు శాలిబండలో సంబంధం కుదిరిందన్న సంగతి ఆయనకు ఈనాటికీ తెలియదు. తెలియకపోవడమే మంచిది. ఇందులో జరిగిన ప్రతి నష్టానికీ బాధ్యుణ్ణి నేనే కాబట్టి మొహమాటం లేకుండా నవ్వండి. నవ్వాక, మీ ఇంట్లో నాలాంటివాడు ఎవడైనా ఉంటే ఓ కంట కనిపెట్టి ఉండండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కొత్తగా ప్రభుత్వ కొలువు వచ్చింది. కొలువులో బుర్రకు పెద్దగా పని తగలకపోవడంతో ఆ బుర్రనంతా ఫాంటసీ ఫుట్‌బాల్‌కు అంకితం చేశాను. ఆ ఆట తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. ఎక్కడో విదేశంలో నిజమైన ఆటగాళ్లు నిజమైన మైదానంలో చెమటోడుస్తారు. మనం ఇక్కడ మంచం మీద పడుకుని, వాళ్లలో కొందరిని ఫోనులో మన జట్టుగా పెట్టుకుంటాం. వాళ్లు గోలు కొడితే మనకు పాయింట్లు. వాళ్లకు కాలు విరిగితే మనకు గుండె పగులుతుంది.

మా లీగులో ఎనిమిది మందిమి. సీజన్ మొదట్లో అందరం ఒకచోట కూర్చుని వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునేవాళ్లం. ఒకరు తీసుకున్నవాడు ఇంకొకరికి దక్కడు. లీగుకు పెద్ద దిక్కు ఖలీల్ భాయ్. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం ఆయనది. కిందటి సీజన్ విజేత ఆయనే. కిందటి సీజన్‌లో అందరికన్నా అడుగున ఉన్నది ఎవరో మీరు ఊహించేశారు. అడుగున ఉన్నవాడు ఆ ఏడాదంతా కూడినప్పుడల్లా అందరికీ చాయ్ ట్రే పట్టుకుని తిరగాలని రూలు. నేను ట్రే పట్టుకుని వస్తుంటే, "పంతులు, సాసర్ ఏది?" అని ఏడు గొంతులు ఒక్కసారి లేచేవి.

నా దీనస్థితి చూసి ఖలీల్ భాయ్ ఒకరోజు దుకాణంలోనే పాఠం చెప్పాడు.

"చూడు పంతులు, పేరు జూసి తీస్కోకు, ఆట జూసి తీస్కో. పోయిన నెల ఎవడు మంచిగ ఆడిండో గదే జూడు. గాయమైనోడు ఎవడో మ్యాచ్‌కు ముందు పొద్దుగాల్నే చూస్కో. నువ్వు పోయినసారి ఏం జేసినవ్? కాలికి కట్టు గట్టుకున్నోన్ని కెప్టెన్ జేసినవ్!"

"వాడు మస్తు ఫేమస్ భాయ్."

"ఫేమసే! కట్టుతోని ఇంక ఫేమస్ అయిండు. ఇంకోటి యాద్ పెట్టుకో. గోల్‌కీపర్‌ను ఆఖర్ల తీస్కోవాలె. మొదటి వంతుల గోల్‌కీపర్‌ను తీసేటోడు పాగల్."

బంగారంలాంటి మాటలు. నేను తలూపాను. తలూపుతూనే, ఇంత మామూలు కిటుకులతో గెలవడం నాలాంటి మేధావికి తగదనుకున్నాను. ఎందుకంటే నా దగ్గర, ఆ ఏడుగురిలో ఎవరి దగ్గరా లేని అస్త్రం ఒకటి ఉంది. మా బాపు.

మా బాపు గుడిలో అర్చకుడు. జాతకాల పొంతన చూడటంలో ఆయనది అందెవేసిన చేయి. వధూవరుల జాతకాలు కలిపి, ముప్పయ్యారు గుణాలలో ఎన్ని కుదిరాయో చెబుతాడు. పద్దెనిమిది దాటితే పెళ్లి చేసుకోవచ్చు. దూరదూరం నుంచి జనం మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. ఒక సాయంత్రం వాళ్లకు మంచినీళ్లు అందిస్తుంటే నా బుర్రలో బల్బు వెలిగింది. ఆ బల్బు అప్పుడే మాడిపోయి ఉంటే ఎంత బాగుండేది!

మొగుడూ పెళ్లాలకే జాతకాలు కలవాల్సి ఉంటే, నాకూ నా జట్టుకూ కలవొద్దా? సీజనంతా కలిసి బతకాల్సినవాళ్లం కదా! కానీ ఆటగాళ్ల జాతకాలు చూడమంటే బాపు కర్ర తీసుకుంటాడు. ఆయన దృష్టిలో ఆటలన్నీ పని లేనివాళ్లు పని ఉన్నవాళ్లను చెడగొట్టడానికి పుట్టినవి. ఏం చేయాలి? మా అక్క సరితదీ నాదీ ఒకే నక్షత్రం. అక్కతో కుదిరినవాడు నాతోనూ కుదిరినట్టే. అంతే, ఇరవై మంది ఆటగాళ్ల పుట్టినరోజులు, పుట్టిన ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు ఫోనులో వెతికి, బాపు ముందు కూర్చున్నాను.

"బాపు, మ్యారేజ్ బ్యూరోవాళ్లు అక్కకు సంబంధాలు పంపిన్రు. జెర చూస్తవా?"

"సరితకు మహేశ్ సంబంధం అనుకుంటిమి గదరా. ఇగ ఇవెందుకు?"

నిజమే. మహేశ్ నయాపూల్ దగ్గర కోర్టులో ఉద్యోగం చేస్తాడు. ఇల్లూ అక్కడే. మాకు తెలిసిన కుటుంబం. అక్కకూ అతనికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని బాపుకు తప్ప వీధిలో అందరికీ తెలుసని మేము అనుకునేవాళ్లం. పంతొమ్మిది గుణాలు కుదిరాయని బాపే చెప్పాడు. వచ్చే నెలలో నిశ్చితార్థం.

"ఊకె చూడు బాపు. చూస్తే ఏం పోతది?" అన్నాను.

ఏం పోతుందో నాకు తర్వాత తెలిసింది.

జాతకానికి పుట్టిన వేళ కావాలి. ఆటగాళ్ల పుట్టిన వేళలు ఎక్కడా దొరకలేదు. ఇంత దూరం వచ్చినవాణ్ణి అంత చిన్న విషయానికి ఆగుతానా? అందరికీ తెల్లవారుజామున నాలుగున్నర వేసేశాను. మంచి ముహూర్తం కదా అని.

బాపు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఏందిరా ఇది? ఇరవై మందీ తెల్లారకముందే పుట్టిన్రా?"

"మంచి కుటుంబాలు బాపు. పద్ధతి గల్లోళ్లు."

"ఈ ఓంకార్ అనేటోడు పుట్టిన ఊరేందిరా? లెక్క గడితే మంచు సముద్రం ఒడ్డుకు పోతున్నది."

పేర్లన్నీ నేనే మార్చాను లెండి. "వాళ్ల నాయిన అప్పట్ల ఓడ మీద నౌకరి చేసిండు బాపు."

"ఓడ మీద నౌకరి చేసేటోడు ఇంటామెను గూడ తోల్కపోయిండా?"

"ప్రేమ బాపు."

బాపు గొణుక్కుంటూనే లెక్కలు కట్టాడు. ఒకరికి పదకొండు, ఒకరికి ఇరవై. ఓంకార్ దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయి ఆగింది. మళ్లీ లెక్క కట్టాడు. లేచి కాళ్లు కడుక్కుని వచ్చి మూడోసారి కట్టాడు.

"ముప్పైమూడురా! నా జన్మల గిసొంటి పొంతన చూడలే!"

నాకు ఒళ్లు పులకరించింది. మరుసటి రోజు ఆటగాళ్లను ఎంచుకునే సభ. మొదటి వంతు నాదే. గుండెల నిండా గాలి పీల్చి, ఓంకార్ అసలు పేరు చదివాను.

"పంతులు," అన్నాడు ఖలీల్ మెల్లగా, "వాడు గోల్‌కీపర్."

"తెలుసు."

"వాళ్ల టీమ్‌ల మూడో గోల్‌కీపర్. మొదటోడు సచ్చి, రెండోడు సన్యాసం తీస్కుంటే వీనికి చాన్స్ వస్తది. బెంచి మీద గూడ జాగా లేదు వానికి. వెనుక కుర్చీల కూసుంటడు."

"నా లెక్క నాకుంది," అన్నాను ఋషిలా నవ్వి.

ఆ తరువాతి వంతుల్లోనూ గుణాల ప్రకారమే తీసుకున్నాను. ఎదుటివాళ్లు పోయిన నెల గోల్స్ చూసుకుంటున్నారు, ఎవరి మ్యాచ్ ఎవరితో అని చూసుకుంటున్నారు. నేను మాత్రం నాడీదోషం లేనివాళ్లను ఏరుకుంటున్నాను. సభ ముగిసేసరికి నా జట్టులో మోకాలి ఆపరేషన్ అయినవాడొకడు, ఆట మానేసి హోటల్ పెట్టుకున్నవాడొకడు చేరారు. అయినా గర్వంతో ఇంటికి వచ్చాను.

గుమ్మంలోనే అక్క చీపురుతో నిలబడి ఉంది. ఊడవడానికి కాదని చూడగానే అర్థమైంది.

"ఎవడ్రా ఓంకార్?"

"ఎ... ఎవరక్కా?"

"బాపు పొద్దుగాల మహేశ్‌వాళ్లకు ఫోన్ జేసి, కొన్ని దినాలు ఆగుండ్రి, ఇంకో సంబంధం వచ్చింది అన్నడు. వాళ్లు ఇజ్జత్ పోయినట్టు ఫీలయి, అట్లయితే మేం గూడ వేరే చూస్కుంటం అన్నరు. మహేశ్ ఫోన్ల ఏడుస్తున్నడు. చెప్పు, ఎవడు వాడు?"

అబద్ధాలకు నాకున్న ధైర్యం నిజానికి లేదు. అయినా చీపురు దగ్గరికి వస్తుంటే చెప్పేశాను. నా ఫోనులో గోల్‌కీపర్ ఫొటో చూపించాను. అక్క ఫోనును అడ్డంగా, నిలువుగా తిప్పి చూసింది.

"గీ తాటిచెట్టును నాకు మొగుడంటవా? మన ఇంటి దర్వాజల పడ్తడా వీడు?"

"చేతులు పెద్దగున్నయి అక్కా. బాల్ మంచిగ పడ్తడు."

"నోర్ముయ్. బాపుకు ఇప్పుడే పోయి చెప్పు."

అప్పుడే చెప్పి ఉంటే మీకు చదవడానికి ఇంకేమీ మిగిలేది కాదు. నేను పిరికివాణ్ణి. బాపు కోపానికి భయపడి, కొన్ని రోజులు నోరు విప్పొద్దని అక్కను బతిమాలి, అంతకన్నా తెలివైన ఉపాయం పన్నాను. ఖలీల్ భాయ్ చేత ఓంకార్ తండ్రిలా ఫోన్ చేయించి, "మాకు ఈ సంబంధం వద్దు" అనిపిస్తే సరి. రెండు ముక్కలు. చిన్నపిల్లవాడైనా చెప్పగలడు.

కానీ ఖలీల్ భాయ్ చిన్నపిల్లవాడు కాదు, గాజుల వ్యాపారి. దుకాణం ముందునుంచి పోయే మనిషిని వట్టి చేతులతో పంపడం ఆ వంశంలోనే లేదు. నేను పక్కనే కూర్చుని ఫోను కలిపి, మాట బయటికి వినబడేలా పెట్టాను.

"నమస్కారం పంతులుగారు. ఓంకార్ తండ్రిని మాట్లాడుతున్న. మాకు ఈ సంబంధం..."

"అయ్యో, మీరే చేసిన్రా! మీ పిల్లగాని జాతకం ఏం జాతకమండీ! గసొంటి బిడ్డను కన్న మీరు ధన్యులు."

ఖలీల్ ముఖం వెలిగిపోయింది. "అంతా మీ దువా పంతులుగారు... అంటే, మీ ఆశీర్వాదం."

నేను ఆయన తొడ గిల్లాను.

"కాని పంతులుగారు, మాకు ఈ సంబంధం వద్దు..."

"వద్దంటే వద్దు. బలవంతం లేదు. ఊకె ఒక్కసారొచ్చి చూసి పోండ్రి. చూస్తే ఏమన్నా పైసలు వడ్తయా? నచ్చకపోతే లేసి పోండ్రి."

ఇరవయ్యేళ్లుగా ఖలీల్ భాయ్ తన దుకాణం ముందు పోయే ఆడవాళ్లతో అంటున్న మాటను బాపు ఆయనకే తిప్పికొట్టాడు. దానికి జవాబు ఆయనకు తెలియదు. ఎందుకంటే ఇన్నేళ్లలో ఏ ఒక్కరూ దానికి జవాబు చెప్పలేకపోయారు.

"సరే పంతులుగారు. ఆదివారం వస్తం."

ఫోను పెట్టేశాక నేను అడిగాను:

"భాయ్, ఏం జేసినవ్?"

"ఏం జేయాలె పంతులు? మీ బాపు మాట మస్తు తీయగుంది. ఇంకోసారి మాట్లాడితే అల్లుడు గూడ నేనే అవుతుంటి."

ఆదివారం రానే వచ్చింది. ఇల్లు కడిగారు. బాపు పట్టుపంచె కట్టాడు. అక్క వంటింట్లో గిన్నెలను ఒకదానితో ఒకటి కొడుతోంది. ఈ ఒక్కపూట దాటితే మహేశ్‌వాళ్లు నిజంగానే ఇంకో పిల్లను చూడటానికి పోతారని ఆమెకు కబురు వచ్చింది. ఆ గిన్నెల చప్పుడు నాకు గుండెలో వినబడింది.

సరిగ్గా పది గంటలకు ఖలీల్ భాయ్ ఒక్కడే వచ్చాడు. తెల్లటి కుర్తా, చేతిలో గాజుల పెట్టె. మాట ఇచ్చి రాకుండా ఉండటం ఆయనకు చేతకాలేదు.

బాపు ఆయనను ఎగాదిగా చూశాడు. "మీరు?"

"ఖలీల్. ఫోన్ల మాట్లాడింది నేనే."

"ఓంకార్ నాయినా?"

"జీ... అంటే... ఫోన్ల మాత్రమే."

బాపు నా వైపు తిరిగాడు. నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడి మొత్తం చెప్పేశాను. ఆట, ట్రే, ఇరవై మంది, ఓడ, ప్రేమ, అన్నీ. ఒక్క శ్వాసలో చెప్పాను, శ్వాస తీసుకుంటే ధైర్యం పోతుందని.

బాపు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చివరికి అన్నాడు: "పుట్టిన టైము గూడ నువ్వే పెట్టినవా?"

"అవును బాపు."

"ముప్పైమూడు గుణాలోడు... ఏం జేస్తడు?"

"ఏం జెయ్యడు బాపు. ఎనుక కుర్చీల కూసుంటడు."

కర్ర ఎక్కడుందో నేను కళ్లతో వెతుకుతున్నాను. కానీ బాపు అరుగు మీద మెల్లగా కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్కను చూస్తూ, ఎన్నడూ వినని గొంతుతో అన్నాడు:

"మహేశ్‌కు పంతొమ్మిది రాలేదు బిడ్డా. పద్నాలుగే వచ్చినయి. నీకు ఇష్టమున్నదని తెల్సి నేనే ఐదు కలిపిన. నలుగురికి లెక్క జెప్పేటోన్ని, ఇంట్లనే తప్పు జెప్తినని నిద్ర పడ్తలేకుండె. గీ ముప్పైమూడు రాంగనే దేవుడే దారి చూపిండనుకున్న."

అక్క చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఖలీల్ భాయ్ కుర్తా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. నేనేమో ఇంట్లో అందరికన్నా పెద్ద మోసగాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ వచ్చాను; అందులో కూడా నాకు రెండో స్థానమే.

"మరి ఇప్పుడెట్ల బాపు?" అంది అక్క.

బాపు కొంచెం ఆలోచించాడు. "ముప్పైమూడోడు కుర్చీ దిగడు. పద్నాలుగోడు నీకోసం ఏడుస్తున్నడు. ఇగ లెక్కలు నాకొద్దు. ఏయ్, ఆటో పిలువు!"

ఆటోలో బాపు, నేను. వద్దంటున్నా ఖలీల్ భాయ్ గాజుల పెట్టెతో ఎక్కాడు. మహేశ్‌వాళ్లు అప్పుడే బయలుదేరడానికి చెప్పులు తొడుక్కుంటున్నారు. బాపు చేతులు జోడించాడు. మహేశ్ తండ్రి ముఖం తిప్పుకున్నాడు.

"ఏమాయె పంతులుగారు? మీ ముప్పైమూడు గుణాల సంబంధం ఏమాయె?"

బాపు ఇక అబద్ధం ఆడడు. నిజం చెబితే మా కుటుంబం పరువు నయాపూల్ వంతెన మీదినుంచి మూసీలో పడుతుంది. బాపు గొంతు సవరించుకుని, అక్షరం కూడా అబద్ధం లేకుండా ఇలా అన్నాడు:

"ఏం జెప్పాలె బావగారు, పిల్లగాడు ఇంతవరకు ఒక్కనాడు పనిల దిగలేదంట. పక్కోళ్లు పనిచేస్తుంటే ఎనుక కుర్చీల కూసొని చూస్తడంట. పైసలు మాత్రం నెల నెల తీస్కుంటడంట."

మహేశ్ తండ్రి చెప్పులు విడిచేశాడు. చేయి పట్టుకుని బాపును లోపలికి తీసుకెళ్తూ అన్నాడు:

"అయ్యయ్యో, గసొంటి పనిదొంగకు బంగారమసొంటి పిల్లను ఇయ్యకుండ్రి పంతులుగారు! మంచిగైంది, ముందే తెల్సింది."

కనుక ఓ పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, ముఖ్యంగా మా బావ మహేశ్ సాక్షిగా, ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఆటగాడిని ఆట చూసే తీసుకుంటాను. గాయాల వార్తలు పొద్దున్నే చదువుతాను. గోల్‌కీపర్ జోలికి ఆఖరి వంతు దాకా పోను. మా వంశంలో ఇకపై పుట్టే ఏ ఆడపిల్ల సంబంధం విషయంలోనూ నేను నోరు విప్పను. ఒకవేళ ఆ గోల్‌కీపర్ ఎప్పుడైనా శాలిబండ వస్తే, చేతులు జోడించి క్షమాపణ చెబుతాను. మా పిల్లను ఇవ్వనందుకు కాదు. ఏ తప్పూ చేయని మనిషిని, నయాపూల్ అంతా ఈనాటికీ పనిదొంగగా చెప్పుకుంటున్నందుకు.