పిడుగు ఎందుకు పడిందంటే

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చానో లేదో, ఫోను కీచుమని అరిచింది. మీ మండలంలో పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడవద్దు అని సందేశం. విజయనగరంలో మూడో అంతస్తులో మంచం మీద పడున్న ముసలిదాన్ని నేను. ఏ చెట్టు కిందా నిలబడే ఓపిక లేదు. అయినా లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. పడమట ఒక మబ్బు గిన్నె అంచు దాటి పొంగుతున్న పాలలా పైపైకి లేస్తోంది. అలాంటి మబ్బును చూస్తే నాకు వానకంటే ముందు మా నాన్న గొంతు గుర్తొస్తుంది. బొంగురుపోయిన గొంతు.

నాన్న నెల్లిమర్ల దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఆయనకి ఒక్కతే చెల్లెలు, మా అత్త. భోగాపురం అవతల, సముద్రం హోరు వినిపించే పల్లెలో, వ్యవసాయం ఇంటికి ఇచ్చారు. నేను చెప్పేది అరవై ఏడో ఎనిమిదో, సరిగ్గా గుర్తులేదు. స్కూలు ఫైనలు గట్టెక్కి, పెళ్లి సంబంధాల కోసం ఇంట్లో కూర్చున్న రోజులు. ఆ ఏడు రోహిణి కార్తెలో ఎండలు మనుషుల్ని పిండేశాయి. రోజూ సాయంత్రం మబ్బు పట్టడం, నాలుగు ఉరుములు ఉరిమి విరిగిపోవడం. ఆకాశం వైపు చూసి చూసి అందరి మెడలూ నొప్పెట్టాయి. చివరికి ఒక జల్లు పడితే, నార కోసం గోగు చల్లుదామని మావయ్య దుక్కి మొదలుపెట్టాడు. ఆ మధ్యాహ్నమే మళ్లీ మబ్బు కమ్ముకొచ్చింది. గట్టు మీద తాటిచెట్టుకి కట్టేసిన ఎద్దు బెదిరిపోతుంది, విప్పుకొచ్చేయమంది అత్త. ఆయన తువ్వాలు తలకి చుట్టుకుని వెళ్లాడు. కాసేపటికి తెగిన తాడు ఈడ్చుకుంటూ ఎద్దు ఒక్కటే ఇంటికొచ్చింది.

కబురు అందగానే నాన్నా నేనూ వెళ్లాం. దినాలయ్యేదాకా అక్కడే ఉన్నాం. పలకరింపుకి వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని, ముందు మావయ్య మంచితనం చెప్పుకుని, తర్వాత గొంతు తగ్గించి, లోపల మూలన ముడుచుకున్న అత్త వైపు చూసేవారు. ఎద్దుకి ఏమీ కాలేదు, మనిషే పోయాడు, అంటే దోషం ఎక్కడో ఉందని వాళ్ల లెక్క. అత్త బావగారు గొంతు కూడా తగ్గించలేదు. "దీని నుదుటి రాతే మా తమ్ముణ్ణి తినీసింది. ఇది సేత్తో ఇత్తనం ముట్టుకుంటే ఆ మళ్లోనూ పిడుగే పడతాది. మీ ఇంటికి తీసుకుపోండి మాస్టారూ" అన్నాడు.

నాన్న దెబ్బలాడే మనిషి కాదు. ఆయనకి వచ్చినది ఒక్కటే, పాఠం చెప్పడం. వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పడం మొదలుపెట్టాడు. "సూడండి. ఈ ఎండకి నేల పెనంలాగ కాగిపోనాది. నేలనంటుకున్న గాలి వేడెక్కి, తేలికైపోయి పైకి లేస్తాది. మజ్జాన్నం దాటితే సముద్రం మీంచి తడిగాలి వస్తాది. కొండల వైపు నుంచి పొడిగాలి వస్తాది. రెండూ మన నెత్తి మీదే గుద్దుకున్నాయి. తడిగాలికి పోడానికి దారేటి? పైకే." పైకి పోయిన గాలి చల్లబడుతుందని, అందులోని ఆవిరి నీటిబొట్లయ్యేటప్పుడు విడిచే వేడే మబ్బును ఇంకా ఎత్తుకి తోస్తుందని, అక్కడ మంచుపలుకులూ వడగళ్లూ రాసుకుని కరెంటు పుడుతుందని, అది నేలకి దిగడానికి ఎత్తయిన తాటిచెట్టును పట్టుకుందని ఓపిగ్గా చెప్పేవాడు. "రోహిణి కార్తెలో మంచేటి మాస్టారూ?" అని ఒకాయన నోరు తెరిచాడు. ఇంకొకావిడ అంతా శ్రద్ధగా విని, తలూపి, "ఎంతైనా ఎద్దుకేటీ అవనేదు సూడండి" అని నిట్టూర్చింది. నాన్న మంచినీళ్లు తాగి మళ్లీ నేల కాగిన దగ్గర నుంచి ఎత్తుకున్నాడు. మంచినీళ్లు అందించి అందించి నాకు ఆ పాఠం కంఠతా వచ్చేసింది. రోజు గడిచేసరికి ఆయన ముఖం వాడిపోయేది, గొంతు గీరుకుపోయేది.

ఒక పూట జనం పలచబడ్డాక అత్త గుమ్మం దాకా వచ్చి నిలబడింది. అప్పటిదాకా ఆవిడ కంట నీటిబొట్టు రాలేదు.

"అన్నియ్యా, గాలి లేసింది, మబ్బు కట్టింది, ఒప్పుకున్నాను. నాను ఎల్లమనకపోతే ఆయన ఎల్లీవాడు కాడు కదా."

"నువ్వు ఎద్దుని తెమ్మన్నావమ్మా. మబ్బుని కట్టమన్లేదు" అన్నాడు నాన్న.

"మరి ఆయన మీదే ఎందుకు పడ్డాది?"

"తెలీదమ్మా."

ఇన్ని రోజుల పాఠాలకి చలించని మనిషి, ఆ ఒక్క మాటకి గోడకి జారగిలబడి భోరున ఏడ్చింది. నాన్న పక్కన చతికిలబడి, ఆవిడ తల మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

దినాలయ్యాక పెద్దల ఎదుట బావగారు మళ్లీ అదే మాట ఎత్తాడు. నాన్న గొంతు సవరించుకుని, "సూడండి, ఈ ఎండకి నేల..." అన్నాడో లేదో, అందరిలోకీ పెద్దాయన రెండు చేతులూ జోడించాడు. "బాబూ, నీకో దండం. ఒరే, ఆ గుంటని దాని ఇంట్లో ఉండనియ్యండ్రా. నేకపోతే ఈయన మళ్లీ పెనం కాణ్ణుంచి మొదలెడతాడు." ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో అత్త ఇల్లూ భూమీ అత్తకి మిగిలాయి. మళ్లీ వాన పడ్డాక గోగు విత్తనం తన చేత్తోనే చల్లింది. బావగారు దూరంగా గట్టు మీద నిలబడి ఆకాశం వైపే చూశాడు. ఆకాశం ఏమీ అనలేదు. చేను అందరి చేలలాగే మనిషెత్తు పెరిగింది. ఉరుము వింటే మాత్రం అత్త బతికున్నన్నాళ్లూ బెదిరిపోయేది. చెవులకి కొంగు చుట్టుకుని, ఉరుములు పోయేదాకా ఆగి, మళ్లీ పొలానికి వెళ్లేది.

ఆ ఏడు బడి తెరిచాక, పిడుగుల పాఠం వచ్చిన రోజు నాన్న పుస్తకం మూసేసి, పిల్లల్నే చదువుకోమన్నాడట. ఆయన పాఠాన్ని అక్కడ ఒక్కరూ నమ్మలేదని నాకిప్పటికీ అనుమానమే. విసిగిపోయారు, అంతే, అత్త బతకడానికి అదే చాలింది. కాలమూ అంతే, మనల్ని ఒప్పించదు, మన ఏడుపు అలిసిపోయేదాకా పక్కన కూర్చుంటుంది.