నీలివేళ్ళ అక్క అడిగే మూడు ప్రశ్నలు

పశువైద్య కళాశాలలో రోగ నిర్ధారణ ప్రయోగశాల తలుపు తీస్తే ముందు కనిపించేవి అక్క చేతులు. పది వేళ్ళూ నీలమే. నెత్తురు పూసిన గాజు స్లైడుకి నీలం రంగు వేసి, కడిగి, ఆరబెట్టి డాక్టర్ల ముందు పెట్టడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. చేతి తొడుగులు వేసుకున్నా సీసాలు కడిగేటప్పుడు ఎలాగో ఒకలా ఆ రంగు అంటుకునేది. ఇంట్లో అత్తగారు "ఆ చేతులతో కూరగాయలు ముట్టుకోకే తల్లీ, బెండకాయలు కూడా వంకాయలైపోతాయి" అని వంటింటి గుమ్మంలోనే ఆపేసేది. అక్కకి లోపల సంతోషమే లెండి, వంట తప్పింది కదా!

ఆమెకొక అలవాటు ఉండేది. నమూనాల పెట్టె ఎవరు తెచ్చినా, మూత తీయకముందే మూడు ప్రశ్నలు వేసేది. చచ్చి ఎంతసేపైంది? చివరగా ఏం తింది? మిగతావి ఎలా ఉన్నాయి? జవాబులు రిజిస్టరులో చివరి గడిలో చిన్నక్షరాలతో రాసుకునేది. ఆ గడిని ఇరవై రెండేళ్ళలో ఒక్కరు చదివితే ఒట్టు. విద్యార్థులైతే "పోలీసులు కూడా ఇన్ని అడగరక్కా" అని ఆటపట్టించేవారు. "పోలీసులకి దొంగ మాట్లాడతాడురా. నా దగ్గరికొచ్చేవి నోరులేనివి" అనేది అక్క.

ఆ ఏడు ఎండలు మాడ్చి వదిలిపెట్టాక, మొదటి వాన పడిన వారానికి, పాలావిడ వచ్చింది. ముప్పై ఎనిమిది ఆవుల కొట్టం నడిపే మనిషి. ఆమె పెట్టె ఇచ్చేసరికి అక్క లోపల సీసాలు కడుగుతోంది. ఆ ఒక్కరోజూ పెట్టె అక్క చేతికి రాకుండానే పెద్ద డాక్టరు గారి బల్ల మీదికి వెళ్ళిపోయింది. స్లైడు మాత్రం రంగు కోసం వచ్చింది. అక్క రంగు వేసి ఇచ్చింది.

పెద్ద డాక్టరు గారు సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తలేదు. పుల్లల్లాంటి సూక్ష్మజీవులు బారులు తీరి ఉన్నాయి. "దొమ్మ!" అన్నాడు. ఆ మాట వింటే పశువుల డాక్టరెవరికైనా గుండె గుభేలుమంటుంది. నిలబడ్డ పశువు నిలబడ్డట్టే కూలిపోయే రోగం, మనుషులకీ అంటుతుంది. ఒకప్పుడు ఆయన దాన్ని ఒకరోజు ఆలస్యంగా గుర్తిస్తే ఒక కాపరి చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. ఆ భయం ఆయన్ని వదల్లేదు. వెంటనే ఉత్తర్వు టైపు చేయించడం మొదలుపెట్టాడు. కొట్టం మూసెయ్యాలి, పాలు పారబొయ్యాలి, చచ్చినవాటిని కొయ్యకూడదు, మూడు వారాలు బయటినుంచి గడ్డిపరక కూడా లోపలికి పోకూడదు.

బయట బెంచీ మీద పాలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అక్క వెళ్ళి పక్కన కూర్చుంది. అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఎప్పుడు చచ్చాయమ్మా?"

"నిన్న పొద్దున. మూడు. కాంపౌండరు ఇవాళ పొద్దున్నే వచ్చి నెత్తురు తీశాడు."

అంటే ఒక పగలు, ఒక రాత్రి, ఈ ఉక్కలో! చచ్చిన పశువు కుళ్ళడం మొదలైతే కడుపులోని పుల్లలు నెత్తురులోకి పాకుతాయని, అవీ దొమ్మవాటిలాగే ఉంటాయని అక్క ఎన్ని స్లైడుల్లో చూసిందో.

"ఏం తిన్నాయి?"

"వానకి గడ్డి ఏపుగా లేచిందక్కా. ఎరువేసిన చేలో కోయించి మొన్న సాయంత్రం నుంచి అదే వేస్తున్నాను. వారానికి సరిపడా కొట్టంలోనే కుప్ప పోయించాను."

"మిగతావి?"

"ఎనిమిది రొప్పుతున్నాయి. చిగుళ్ళు మట్టిరంగుకి తిరిగాయి."

అక్క బెంచీ మీంచి లేచింది. దొమ్మ కాకపోతే? కొట్టం మూసేస్తే, లోపలున్న ముప్పై అయిదూ ఇక ఆ కుప్పే తినాలి!

లోపలికి నడిచింది.

"సార్, ఇది పాత నెత్తురు. దొమ్మైతే పుల్లల చుట్టూ కనిపించే గులాబీ అంచు కూడా లేదు."

"పాతబడితే దొమ్మలోనూ అంచు పోతుంది. ఆ సంగతి నాకు చెప్పకు. స్లైడు కడగడం నీ పని, చదవడం నా పని."

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఇంకొకరైతే కళ్ళు తుడుచుకుని సీసాల దగ్గరికి పోయేవాళ్ళు. అక్క పోలేదు.

"అయితే ఈ స్లైడు ఔననీ చెప్పదు, కాదనీ చెప్పదు కదా సార్. బతికున్నదాని నెత్తురు చూద్దాం. గంట ఆగండి. దొమ్మే అయితే రేపట్నుంచి నన్ను గేటు బయటే నిలబెట్టండి." రిజిస్టరు తెరిచి, పాలావిడ చెప్పిన జవాబులు చివరి గడిలో రాసి ఆయన ముందు పెట్టింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. జీపు తాళాలు తీసుకున్నాడు.

కొట్టంలో ఒక ఎర్రావు అప్పటికే పక్కకి ఒరిగి, నాలుక బయటపెట్టి గాలికోసం కొట్టుకుంటోంది. ముఖాలకి ముసుగులు, చేతులకి తొడుగులు వేసుకుని మెడ నరంలోంచి నెత్తురు తీశారు. అక్క ఒక చుక్కని తెల్లకాగితం మీద వేసి, కాగితాన్ని గాలికి ఆడించింది. మామూలు నెత్తురైతే గాలి తగలగానే ఎర్రగా మెరవాలి. ఇది మెరవలేదు. చిక్కటి కాఫీ డికాక్షన్‌లా గోధుమరంగులోనే ఉండిపోయింది.

పెద్ద డాక్టరు గారు నోరు వెళ్ళబెట్టాడు. "గడ్డి విషం! ఎండకి మాడిన చేలో ఎరువంతా వానకి ఒక్కసారిగా గడ్డిలోకెక్కింది. నెత్తురు గాలిని మొయ్యలేకపోతోంది." తర్వాత అక్క చేతులవంక చూసి, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు ముఖం పెట్టాడు. "దీనికి విరుగుడేమిటో తెలుసా? నీ వేళ్ళకున్నదే!"

బల్లమీది రంగు సీసా కాదు సుమండీ. అదే నీలాన్ని శుద్ధిచేసి, కళాశాల ఆసుపత్రి మందుల గదిలో ఇంజెక్షనుగా ఉంచుతారు. జీపు పోయింది, వచ్చింది. ఈలోగా పాలావిడ, అక్క కలిసి ఆ గడ్డికుప్పని చేతులు బొబ్బలెక్కేలా బయటికి ఈడ్చేశారు.

నీలం నరంలోకి ఎక్కింది. అయిదు నిమిషాలు. పది. పాలావిడ ఆవు తల ఒళ్ళో పెట్టుకుని "లెయ్యవే, లెయ్యవే నా తల్లీ" అంటూనే ఉంది. ఇరవయ్యో నిమిషంలో ఎర్రావు చెవి విదిలించింది. ముందుకాళ్ళు ముడిచింది. ఒక్క ఊపున లేచి నిలబడి, పెద్ద డాక్టరు గారి చొక్కా మీద తుమ్మింది! అబ్బ, ఆ తుమ్ముకి కొట్టమంతా కేకలు వేసింది.

ఎనిమిదికి ఎనిమిదీ బతికాయి. మిగతా ఇరవై ఏడూ మళ్ళీ ఆ గడ్డి జోలికి పోకుండా దక్కాయి. రెండు రోజుల తర్వాత పరీక్షల్లోనూ దొమ్మ లేదని తేలింది. సగం టైపైన ఉత్తర్వు చెత్తబుట్టలోకి పోయింది. ఇక మందు ఎక్కించిన మర్నాడు పొద్దున్నే పాలావిడ ఫోను: "అక్కా, కొంప మునిగింది! మందెక్కిన ఆవులన్నీ ఆకుపచ్చగా పోస్తున్నాయి!" అక్క నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయింది. "మందు రంగేనమ్మా, దిగిపోతుంది. డాక్టరు గారు సరేననేదాకా వాటి పాలు మాత్రం వాడకు."

సోమవారం పెద్ద డాక్టరు గారు అక్కని తరగతి గదికి పిలిపించాడు. ఎనభైమంది విద్యార్థులు. ఆయన కొత్తగా అచ్చువేయించిన నమూనా ఫారం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. జిల్లాలో ఏ పశువు నమూనా రావాలన్నా ఇకమీదట ఈ ఫారం నిండాల్సిందే. అన్నిటికంటే పైన, పెద్దక్షరాలతో, ఆమె మూడు ప్రశ్నలు.

"మందని కాపాడాలంటే ముందు ఏం అడగాలో ఇవాళ ఈవిడ చెబుతారు" అన్నాడాయన. "స్లైడు కడగడం నీ పని, చదవడం నా పని అన్నాను. తప్పు మాట అన్నాను."

అని చొక్కా చేతులు పైకి మడిచి, గది వెనక సింకు దగ్గరికి వెళ్ళి, ఆ పొద్దుటి స్లైడులు ఒక్కొక్కటే కడగడం మొదలుపెట్టాడు. అక్క నీలం వేళ్ళతో సుద్దముక్క తీసుకుంది, బోర్డువైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ ఇటు తిరిగింది.

"రాసుకోండి" అంది. "చచ్చి ఎంతసేపైంది?"