పిలిస్తే పలికే తాతయ్య

తాతయ్య పోయి చాన్నాళ్ళయింది. పొగమంచు పట్టిన ఉదయాల్లో మాత్రం ఆయన గొంతు ఇంకా కాలవ మీద తేలుతున్నట్టే ఉంటుంది. ఎవరు ఎవర్ని పిలిచినా ఆయన పలికేవారు. అవతలి గట్టు నుంచి ఎవరైనా కేకేస్తే చాలు, "ఆఁ, ఉన్నానండీ!" అనేవారు. మేం నవ్వుకునేవాళ్ళం.

ఒక పుష్యమాసపు ఉదయం మంచు చేలనీ కొబ్బరితోటల్నీ కాలవనీ ఒకటి చేసేసింది. అవతల దారి తెలియక ఒకామె భర్తను పిలుస్తోంది. తాతయ్య వంతెన దగ్గరికి వెళ్ళి, "నా గొంతు వినపడేవైపు రండమ్మా, పక్కకి అడుగెయ్యకండి" అంటూ, ఆమె మంచులోంచి బయటపడేదాకా పలుకుతూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక కూడా ఆయన అరుగు మీద కూర్చుని కాలవ వైపే చెవొగ్గి ఉన్నారు. "ఎవరో తెలీని మనిషి కోసం ఇంత ఆరాటం ఏంటండీ?" అంది మామ్మ.

ఆయన సైన్యంలో పనిచేశారు గానీ, యుద్ధం గురించి మాట్లాడగా నేను విన్నది అప్పుడొక్కసారే.

"సరిహద్దు కొండల్లో ఇలాంటి మంచులోనే, దెబ్బతగిలి పడిపోయిన మావాడొకడు నన్ను పేరెట్టి పిలిచాడే. పలికితే మేం ఎక్కడున్నామో అవతలోళ్ళకి తెలిసిపోద్దని, ఆఫీసరు నోరెత్తొద్దన్నాడు. పలకలేదు. మంచు విడేసరికి పిలుపు ఆగిపోయింది. మళ్ళీ నన్నంత ప్రేమగా పేరెట్టి పిలిచినోళ్ళు లేరు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ "ఏవండీ" తప్ప ఎరగని మామ్మ, ఆయన పక్కన కూర్చుని మెల్లగా పేరుపెట్టి పిలిచింది.

ఊళ్ళోవాళ్ళు ఏమనుకున్నా, ఆయన పోయేదాకా అలాగే పిలిచింది.