డాబా మీద పచ్చపావురం

మా బోయిగూడ ఇంటి రేకుల మీద పొద్దుటి నుంచి జువ్విపండ్లు రాలుతున్నాయి. గాలి లేదు. గాలి లేకుండా పండ్లు రాలాయంటే పైన పచ్చపావురాలు వచ్చాయన్నమాట. ఎంత చూసినా ఆకుల్లో ఆకుల్లా కలిసిపోతాయి. ఒకటి కదిలితేనే పసుపు కాళ్లు కనబడతాయి. వాటిని ముందు చెవితో పట్టుకోవాలని నాకు నేర్పింది వరలక్ష్మి టీచరమ్మ.

ఆమెదీ, ఆమె భర్త సారుదీ కాకినాడ వైపు. ఎప్పుడో వచ్చి బన్సీలాల్‌పేటలో స్థిరపడ్డారు. వాళ్లింట్లో నేను వంట చేసేదాన్ని. యాభై దాటిన నాకు ఆమె డాబా మీద, జువ్వికొమ్మల నీడలో కూర్చోబెట్టి పలక పట్టించింది. నా అక్షరాలు తాగినవాళ్లలా పక్కకు ఒరిగేవి. నా మనవరాలు కూడా నవ్వుతున్నదని ఒకసారి చెప్పుకున్నాను.

"నవ్వనీవే. నీ వంకర నీది. రాయి," అంది.

పచ్చపావురం నేల మీద కాలు పెట్టదని అంటారట. నీళ్లు కూడా కొమ్మ మీంచి వంగే తాగుతుందట. ఆ పొగరంటే ఆమెకు ముచ్చట.

ఒక ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మందులు వాడుతూనే ఉన్నారు. పచ్చపావురం పులుసు తాగిస్తే పడిన చెయ్యి లేస్తుందని సారుకు ఎవరో చెప్పారు. కోడిగుడ్డు కూడా ఎరగని ఇల్లు అది. అయినా ఒక మధ్యాహ్నం ఆయన మూతపెట్టిన బుట్టతో వచ్చారు. నన్నే వండిపెట్టమన్నారు.

"టీచరమ్మ తాగుతదా సారూ?"

"ఆచారం పోతే పోనీ సత్తెమ్మా. మనిషి దక్కితే చాలు."

ఆయన బుట్టను ఆమె మంచం పక్కన దించారు.

బుట్టలో రెక్కల చప్పుడుకు టీచరమ్మ తల తిప్పింది. ఎడమ చేత్తో దుప్పటి మీద ఏదో గీయసాగింది. నేను వెళ్లి నా పలక తెచ్చాను. చాలాసేపు రాసింది. సారు చూసి, పాపం ఏవో గీతలు గీస్తోందని ముఖం తిప్పుకున్నారు. నాకవి గీతల్లా కనబడలేదు. నేను కొత్తలో రాసిన అక్షరాలు అచ్చం అలాగే ఉండేవి. వేలు పెట్టి చదివాను.

"వ... ద... లం... డి."

సారు బుట్ట తీసుకుని డాబా ఎక్కారు. వెనకే నేనూ వెళ్లాను.

మూత తీసినా పావురం ఎగరలేదు. దాని రెక్కల ఈకలు ఎవరో కత్తిరించారు. పైన కొమ్మల్లో మిగతావి పండ్లు తింటుంటే, అది సిమెంటు మీద నడిచింది. పిట్టగోడ మీద కూర్చోబెడితే జారి కింద పడింది. సారు ఒక పక్క నీళ్లు పెట్టారు. మర్నాడు పొద్దున మూలన కొన్ని పచ్చ ఈకలు మిగిలాయి. పిల్లి పని.

"ఎగిరిపోయిందే. నేను చూశాగా," అని ఆమెకు చెప్పారు సారు.

ఆమె ఆయన వంక చాలాసేపు చూసింది. తర్వాత నా వంక చూసింది. నేను పలక అందించాను. తీసుకోలేదు. ఎడమ చెయ్యి సారు చేతి మీద పెట్టి కళ్లు మూసుకుంది.

వానలు పడకముందే టీచరమ్మ పోయింది.

పలక నా దగ్గరే ఉంది. జబ్బుపడిన ఎవరి మంచం పక్కన కూర్చున్నా, ఏం కావాలో ముందు వాళ్లనే అడుగుతాను. నోట మాట రాకపోతే పలక ఒళ్లో పెడతాను. ఎంత వంకరగా రాసినా కూడబలుక్కుని చదువుతాను.

పండ్లు రాలితే మాత్రం వెంటనే తలెత్తి చూడలేను. ముందు నేల చూస్తాను.