బయట విడిచిన కుడి బూటు

నిరుడు మా ఉప్పుగూడ మిత్రుడు యాదగిరితో హిమాలయాలకు నడక యాత్రకు వెళ్ళి, వందేళ్ళ నాటి రాతి విడిదిలో బస చేశాను. “బూట్లు బయట విడవకండి, నక్క ఎత్తుకుపోతుంది” అని కాపలాదారు హిందీలో హెచ్చరించాడు. తాను కళ్ళారా చూడలేదని కూడా ఒప్పుకున్నాడు. నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. అందుచేత పోలిక కోసం ఎడమ బూటు లోపల ఉంచి, కుడిది బయట విడిచాను.

తెల్లవారేసరికి కుడిది లేదు. దిగవలసింది పది కిలోమీటర్ల మంచు దారి.

“నీ ప్రయోగం పాసైంది అన్నా! ఇగ కుంటుకుంట దిగు, నేనైతే నిన్ను మొయ్య” అన్నాడు యాదగిరి.

కాపలాదారు అటక మీది గోనెసంచి దించాడు. నిండా ఒంటి బూట్లే. నాకు సరిపోయే కుడి బూటు వెతికి ఇచ్చాడు.

ఆ పరీక్ష నాకంటే ముందు చాలామంది చేశారని తెలిసింది. అయితే ఎత్తుకుపోయింది నక్కేనని ఇప్పటికీ రుజువు కాలేదు.